ఈసీజీలో ఎస్టీ లేవకపోయినా గుండె నాళం మూసుకుపోయిందని పట్టుకోవడం ఎలా?

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఈసీజీ తీశారు. కాగితం పైన మెషీన్ 'నార్మల్' అనో 'నాన్‌స్పెసిఫిక్' అనో అచ్చు వేసింది. గీతలో పెద్ద ముల్లు తర్వాత వచ్చే ఎస్టీ అనే భాగం ఎక్కడా మిల్లీమీటరుకి మించి లేవలేదు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్‌ని చూసే కార్డు మీద ఒక్క గీతే వచ్చింది, అంటే నెగెటివ్. పాంటాప్ ఇంజెక్షన్ చేసి, కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, 'గ్యాస్ అయ్యుంటుంది, రేపు ఓపీకి రండి' అని పంపించేస్తారు. కేస్‌షీట్ తిరగేస్తే ఎవరూ ఏ తప్పూ చేసినట్టు ఉండదు. కానీ అదే సమయంలో ఆ మనిషి గుండెకి రక్తం తీసుకెళ్లే కరొనరీ నాళం పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు.

క్యాజువాలిటీలో డ్యూటీ చేసే ఎంబీబీఎస్ డాక్టర్లు, హౌస్‌సర్జన్లు, స్టాఫ్ నర్సులు, 108లో తిరిగే ఈఎంటీల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా మూసుకున్న నాళాన్ని తెరిచే క్యాథ్‌ల్యాబ్ గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్న చోట పనిచేసేవాళ్ల కోసం. పిలిస్తే పక్క గదిలోంచి కార్డియాలజిస్టు వచ్చే ఆసుపత్రుల్లో వాళ్లకి ఇందులో సగం అక్కర్లేదు. వైద్యం చదవనివాళ్లు మొదటి మెట్టు చదివితే చాలు. అందులో ఉన్న లక్షణాలు ఇంట్లో ఎవరికైనా కనిపిస్తే మిగతా వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

ముందుగా కాస్త నేపథ్యం. 1980లో అమెరికాలో డివుడ్ అనే డాక్టరు, ఆయన సహచరులు పెద్ద గుండెపోటుతో వచ్చినవాళ్లకి మొదటి కొన్ని గంటల్లోనే యాంజియోగ్రామ్ చేసి చూశారు. నాలుగు గంటల లోపు వచ్చినవాళ్లలో 87 శాతం మందికి నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆ తర్వాత క్లాట్ (రక్తపు గడ్డ) కరిగించే మందులు వచ్చాయి. ఎస్టీ లేచినవాళ్లకి వాటితో లాభం స్పష్టంగా కనిపించింది. అక్కడి నుంచి 'ఎస్టీ లేస్తే పరుగెత్తు, లేవకపోతే పొద్దున చూద్దాం' అనే అలవాటు స్థిరపడింది. 2017లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో సుమారు 40 వేల మంది ఎన్‌స్టెమీ (ఎస్టీ లేవని గుండెపోటు) రోగుల లెక్కలు కలిపి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. వాళ్లలో నాలుగో వంతు మందికి యాంజియోగ్రామ్‌లో నాళం పూర్తిగా మూసుకుపోయి కనిపించింది. 'పొద్దున చూద్దాం' అన్న వరుసలో ఉండకూడనివాళ్లే ఆ వరుసలో ఉన్నారన్నమాట. ఆ మరుసటి ఏడాది స్టీఫెన్ స్మిత్, పెండెల్ మేయర్స్, స్కాట్ వెయిన్‌గార్ట్ అనే అమెరికా ఎమర్జెన్సీ డాక్టర్లు ఈ విభజన మొత్తాన్నే మార్చాలని ప్రతిపాదించారు. ఎస్టీ లేచిందా లేదా అని కాదు, నాళం మూసుకుపోయిందా లేదా అని చూడండి అన్నారు. దానికి ఓఎంఐ (ఆక్లూజన్ ఎంఐ, అంటే నాళం మూసుకున్న గుండెపోటు) అని పేరు పెట్టారు. ఆ పేరు వాడతారో లేదో మీ ఇష్టం. ఈసీజీ చేతిలోకి తీసుకున్నప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న మాత్రం అదే: ఈ మనిషికి ఇప్పుడు, ఈ నిమిషంలో, ఏదైనా నాళం మూసుకుపోయి ఉందా?

మొదటి మెట్టు: ఎవరికి ఈసీజీ తీయాలి?

గుండెపోటుతో వచ్చిన మనిషి 'నాకు గుండె నొప్పి' అని చెప్పడం తక్కువే. 'ఛాతీ మీద బండ పెట్టినట్టుంది', 'రొమ్ము పట్టేసింది', 'గుండెల్లో మంట', 'దవడ లాగుతోంది', 'రెక్కలు గుంజుతున్నాయి', 'పొట్ట పైన పట్టేసినట్టుంది' అంటారు. చాలామంది రోగనిర్ధారణ ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని వస్తారు: 'గ్యాస్ అండీ'. ఈలోపు సోడా తాగుంటారు, ఈనో వేసుకుని ఉంటారు, ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ కూడా అయిపోయి ఉంటుంది. దాంతో కొంచెం తగ్గిందని కూడా చెప్తారు. యాసిడ్ మందుకి నొప్పి తగ్గితే గుండె కాదనీ, నాళాల్ని వదులు చేయడానికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌కి తగ్గితే గుండేననీ తీర్మానించకండి. రెండు వైపులా ఇది మోసం చేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు, ఆడవాళ్లు అసలు నొప్పే లేదనొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఒళ్లంతా చల్లటి చెమటలు, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, కారణం తెలియని విపరీతమైన నీరసం కనిపిస్తే వాళ్లకీ ఈసీజీ తీయాల్సిందే. చెమటల్ని ప్రత్యేకంగా పట్టించుకోండి. ఫ్యాన్ కింద కూర్చున్న మనిషికి చొక్కా తడిసిపోతోందంటే గ్యాస్ అనే మాట కాసేపు పక్కన పెట్టాలి.

లోపలికి అడుగుపెట్టిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి, అది ఒక డాక్టరు కంట పడాలి. ఓపీ చీటీ, రిజిస్ట్రేషన్, ఆధార్ నంబరు అన్నీ ఆ తర్వాతే. ఈ ఒక్క విషయంలో నర్సుకి స్వతంత్రం ఇచ్చేయండి. డాక్టరు చెప్పేదాకా ఆగకుండా తనే తీసేసేలా ఏర్పాటు ఉండాలి. నొప్పి ఎన్నింటికి మొదలైందో గడియారం టైమ్‌తో అడిగి కాగితం మీదే రాయండి. 'పొద్దున్నుంచి' అంటే సరిపోదు. ఉండుండి వస్తోందా, ఆగకుండా ఉందా, ఇప్పుడు ఉందా అన్నవి కూడా రాయండి. నొప్పి ఉన్నప్పుడు తీసిన ఈసీజీకీ, తగ్గాక తీసిన ఈసీజీకీ అర్థం ఒకటి కాదు.

రెండో మెట్టు: ఈసీజీ సరిగ్గా తీయించడం

హడావుడిలో ఛాతీకి అంటించే వీ1, వీ2 ఎలక్ట్రోడ్లు రెండో పక్కటెముకల సందులోకి ఎక్కిపోవడం మన దగ్గర రోజూ జరిగేదే. అవి నాలుగో సందులో, రొమ్ము ఎముకకి చెరో పక్కన ఉండాలి. రొమ్ము ఎముక మీద వేలు జారిస్తే పైభాగంలో ఒక గట్టు తగులుతుంది. దాని పక్కనుండేది రెండో పక్కటెముక. దాని కింది సందు రెండోది, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ దిగాలి. వీ4 ఐదో సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి గీసిన గీత మీద ఉండాలి. ఆడవాళ్లకి మొహమాటంతో చీర పైనుంచే ఎక్కడో అంటించేస్తే ఆ ఈసీజీ తీయనట్టే లెక్క. కర్టెన్ వేసి, ఆడ నర్సు చేత సరైన చోట పెట్టించండి.

లీడ్ అంటే గుండెని ఒక్కో వైపు నుంచి చూసే గీత, మామూలు ఈసీజీలో 12 ఉంటాయి. లీడ్ 1 మొత్తం తలకిందులై, ఏవీఆర్ నిటారుగా కనిపిస్తే ముందు చేతుల వైర్లు తారుమారయ్యాయేమో చూసుకోండి. స్పీడు సెకనుకు 25 మి.మీ., ఎత్తు ఒక మిల్లీవోల్టుకి 10 మి.మీ. ఉండాలి. సగం ఎత్తులో సెట్ చేసిన మెషీన్లో చిన్న మార్పులన్నీ మాయమైపోతాయి. మెషీన్ రాసిన వ్యాఖ్య చదవకండి. చదివినా నమ్మకండి. నాళం మూసుకుపోయినవాళ్ల ఈసీజీ మీద కూడా 'నార్మల్' అని వస్తుంది.

మూడో మెట్టు: ఏం వెతకాలి?

అందరికీ తెలిసిన కొలతలు ముందు చెప్పుకుందాం. పక్కపక్క లీడ్లు రెండింట్లో జే పాయింట్ దగ్గర, అంటే క్యూఆర్ఎస్ అనే పెద్ద ముల్లు ముగిసి ఎస్టీ మొదలయ్యే చోట, 1 మి.మీ. ఎస్టీ లేవాలి. వీ2, వీ3ల్లో మాత్రం 40 దాటిన మగవాళ్లకి 2 మి.మీ., 40 లోపు మగవాళ్లకి 2.5, ఆడవాళ్లకి 1.5 మి.మీ. ఇంత ఉంటే వాదనే లేదు, నేరుగా చికిత్సలోకి వెళ్లిపోండి. లేనప్పుడే ఇబ్బంది. అప్పుడు స్కేలు పక్కన పెట్టి ఆకారాలు చూడాలి.

*టీ వేవ్ ఎత్తు కాదు, లావు చూడండి.* నాళం మూసుకున్న మొదటి నిమిషాల్లో ఎస్టీ కన్నా ముందు టీ వేవ్ (ఎస్టీ చివర వచ్చే గుండ్రటి అల) మారుతుంది. అడుగు వెడల్పుగా, రెండు వైపులా సమంగా, తన ముందున్న క్యూఆర్ఎస్‌తో పోలిస్తే మరీ పెద్దగా కనిపిస్తుంది. ఎస్టీకి ఉండాల్సిన చిన్న వంపు పోయి, జే పాయింట్ నుంచి టీ కొన దాకా తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది. లీడ్ 3లో క్యూఆర్ఎస్ 3 మి.మీ. ఉండి, టీ వేవ్ కూడా 3 మి.మీ. ఉందనుకోండి. అంకెలో అది చిన్నదే. కానీ ఆ క్యూఆర్ఎస్‌కి అంత టీ వేవ్ ఉండకూడదు. కిడ్నీ రోగుల్లో పొటాషియం పెరిగినప్పుడు వచ్చే టీ వేవ్ వేరు. దాని అడుగు ఇరుకు, కొన సూది.

*ఏవీఎల్ చూడకుండా ఏ ఈసీజీనీ పక్కన పెట్టకండి.* గుండె కింది గోడకి రక్తమిచ్చే నాళం మూసుకుంటే లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ఎస్టీ లేవాలి. అవి లేవడానికి ముందే వాటికి ఎదురుగా ఉండే ఏవీఎల్‌లో ఎస్టీ కాస్త కిందికి దిగడమో, టీ తిరగబడడమో చాలాసార్లు కనిపిస్తుంది. లీడ్ 3లో అర మిల్లీమీటరు లేచింది, ఏవీఎల్‌లో అర మిల్లీమీటరు దిగింది అంటే రెండూ కొలతకి అందవు. కలిపి చూస్తే మాత్రం అది గుండెపోటే అనుకుని కదలాలి. లీడ్ 2 కన్నా 3లో ఎక్కువ లేస్తే కుడి కరొనరీ నాళం మీద అనుమానం పెట్టుకోండి. వెంటనే ఛాతీకి కుడి వైపున వీ4ఆర్ తీయండి. అందులోనూ ఎస్టీ లేస్తే కుడి జఠరిక దెబ్బతింటోందని అర్థం. ఆ మనిషికి సార్బిట్రేట్ ఇచ్చారంటే బీపీ ఒక్కసారిగా పడిపోగలదు.

*వీ1 నుంచి వీ4 దాకా ఎస్టీ దిగితే వెనక గోడ చూడండి.* మన దగ్గర ఎక్కువగా జారిపోయేది ఇదేనని నా అభిప్రాయం. ఎస్టీ దిగింది కాబట్టి 'ఇస్కీమియా, ఎన్‌స్టెమీ' అని రాసేసి, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మొదలుపెట్టేస్తారు. గుండె వెనక గోడ మీద నేరుగా చూసే లీడ్ మామూలు 12లో లేదు. అక్కడ ఎస్టీ లేస్తే ముందు లీడ్లలో దిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి దిగుడు వీ2, వీ3, వీ4ల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉంటే వీ4, వీ5, వీ6 వైర్లు తీసి వీపుకి పెట్టండి. వీ6 ఎత్తులోనే ఒకటి చంక వెనక గీత మీద, ఒకటి భుజం రెక్క ఎముక కొన కింద, ఒకటి వెన్నెముక పక్కన. వాటికి వీ7, వీ8, వీ9 అని పెన్నుతో రాయండి. లేకపోతే తర్వాత చూసినవాళ్లు మామూలు లీడ్లనుకుంటారు. అర మిల్లీమీటరు లేచినా చాలు. వీపు లీడ్లలో ఏమీ కనిపించకపోయినా ముందు లీడ్లలో దిగుడు గట్టిగా ఉండి నొప్పి ఆగకపోతే అనుమానం వదలకండి.

దిగుడు వీ5, వీ6, లీడ్ 2లలో ఎక్కువగా ఉండి, ఏవీఆర్‌లో మాత్రం ఎస్టీ లేస్తే కథ వేరు. గుండె లోపలి పొర మొత్తానికి రక్తం చాలడం లేదని అది చెప్తుంది. ఎడమ ప్రధాన నాళం బాగా సన్నబడిందేమో, మూడు నాళాలూ దెబ్బతిన్నాయేమో. లేదా హిమోగ్లోబిన్ 4కి పడిపోయిందేమో, కడుపులో రక్తం పోతోందేమో, గుండె 180తో కొట్టుకుంటోందేమో. ఇక్కడ క్లాట్ కరిగించే ఇంజెక్షన్ జోలికి వెళ్లకండి. ముందు కారణం వెతకండి.

*డి వింటర్ ఆకారం.* వీ2 నుంచి వీ5, వీ6 దాకా జే పాయింట్ దగ్గర ఎస్టీ కిందికి దిగి, అక్కడి నుంచి ఏటవాలుగా పైకెక్కి పొడవైన టీ వేవ్‌లో కలిసిపోతుంది. 2008లో నెదర్లాండ్స్ డాక్టర్లు దీన్ని వివరించారు. గుండె ముందు గోడకి రక్తమిచ్చే ఎల్ఏడీ మొదట్లోనే మూసుకుపోయినప్పుడు కొందరిలో ఇలా వస్తుంది. తరచుగా ఎదురయ్యేది కాదు. ఒక్కసారి బొమ్మ చూసి పెట్టుకుంటే మళ్లీ మర్చిపోరు.

*వెలెన్స్ ఆకారం.* ఇందులో మనిషికి నొప్పి తగ్గిపోయి ఉంటుంది. 'ఇప్పుడు బాగానే ఉందండీ, వెళ్లిపోతాం' అంటారు. ఈసీజీలో వీ2, వీ3 టీ వేవ్ పైకెళ్లి మళ్లీ కిందికి దిగుతుంది, లేదా లోతుగా తిరగబడి ఉంటుంది. మూసుకున్న ఎల్ఏడీ తనంతట తానే కాస్త తెరుచుకుందని దానర్థం. అది ఏ నిమిషాన్నైనా మళ్లీ మూసుకోవచ్చు. ఇలాంటివాళ్లని ఇంటికి పంపొద్దు. ట్రెడ్‌మిల్ మీద అసలే ఎక్కించొద్దు. మళ్లీ నొప్పి వచ్చినప్పుడు ఆ తిరగబడ్డ టీ వేవ్ నిటారుగా మారి ఈసీజీ చక్కగా నార్మల్‌లా కనిపిస్తుంది. పాత కాగితం పక్కన లేకపోతే మోసపోతారు.

*ఎల్‌బీబీబీ (గుండె ఎడమ వైపుకి కరెంటు తీసుకెళ్లే దారిలో అడ్డంకి) ఉన్నప్పుడు.* 'కొత్త ఎల్‌బీబీబీ అయితే గుండెపోటే' అన్న పాత పాఠం ఇప్పుడు చెల్లదు. ఎల్‌బీబీబీలో గుండెపోటుని పట్టుకునే స్గార్బోసా నియమాలకి, పైన చెప్పిన స్మిత్ చేసిన సవరణ వాడండి. క్యూఆర్ఎస్ పైకి ఉన్న ఏ లీడ్లోనైనా ఎస్టీ 1 మి.మీ. పైకి లేస్తే గుండెపోటు. వీ1, వీ2, వీ3ల్లో ఎక్కడైనా క్యూఆర్ఎస్ కిందికి ఉండి ఎస్టీ కూడా 1 మి.మీ. కిందికి దిగితే గుండెపోటు. లోతైన ఎస్ వేవ్ (క్యూఆర్ఎస్ చివర కిందికి దిగే ముల్లు) ఉన్న లీడ్లో ఎస్టీ లేవడం మామూలే. కానీ ఆ లేచినది ఎస్ లోతులో నాలుగో వంతుకి చేరితే అదీ గుండెపోటే. ఎస్ 12 మి.మీ. ఉంటే 3 మి.మీ. దాకా లేచినప్పుడు మీరు లేవాలన్నమాట. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకీ ఇదే లెక్క పనికొస్తుంది.

ఇవేవీ ఒక గుంపు డాక్టర్ల సొంత సిద్ధాంతాలని కొట్టిపారేయకండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ 2022లో క్యాజువాలిటీ ఛాతీ నొప్పి గురించి విడుదల చేసిన పత్రంలో వెనక గోడ గుండెపోటు, డి వింటర్, ఎల్‌బీబీబీ మీద స్గార్బోసా, తొలి దశ టీ వేవ్‌లు అన్నిటినీ స్టెమీతో (ఎస్టీ లేచిన గుండెపోటుతో) సమానంగా చూడాలని రాసింది.

నాలుగో మెట్టు: గుండెపోటులా నటించేవి

ఎక్కడ చూసినా గుండెపోటే అని క్యాథ్‌ల్యాబ్‌ని లేపుతూ పోతే నాలుగో రోజుకి మీ ఫోన్ ఎత్తరు. కుర్రవాళ్లలో ఎర్లీ రీపోలరైజేషన్ అనే, గుండెపోటు కాని మార్పు వల్ల వీ2 నుంచి వీ4 దాకా ఎస్టీ కొంచెం లేచి ఉంటుంది. ఆర్ వేవ్‌లు (క్యూఆర్ఎస్‌లో పైకెళ్లే ముళ్లు) బాగా ఎత్తుగా ఉంటాయి, ఎదురు లీడ్లలో దిగుడు ఉండదు. అదే వీ2, వీ3ల్లో ఎస్ వేవ్ పూర్తిగా మాయమై, ఆర్ నేరుగా ఎస్టీలోకి జారిపోతే, చివర చిన్న జే వేవ్ (జే పాయింట్ దగ్గర వచ్చే మెట్టు) కూడా లేకపోతే అది ఎర్లీ రీపోలరైజేషన్ కాదు. బీపీ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో ఎడమ జఠరిక లావెక్కి, పెద్ద క్యూఆర్ఎస్‌లతో పాటు ఎస్టీ కూడా లేస్తుంది. అక్కడ కూడా క్యూఆర్ఎస్‌తో పోల్చి చూడడమే దారి. పాత గుండెపోటు వల్ల గోడ ఉబ్బినవాళ్లకి లోతైన క్యూ వేవ్ (క్యూఆర్ఎస్ మొదట్లో కిందికి దిగే ముల్లు), చిన్న టీ ఉంటాయి.

పెరికార్డైటిస్ (గుండె చుట్టూ ఉండే పొర వాపు) అని రాసేముందు రెండుసార్లు ఆలోచించండి. ఏవీఎల్‌లో దిగుడు ఉందంటే చాలా మటుకు అది పెరికార్డైటిస్ కాదు.

ఒక్క క్షణం ఆగి రెండు చేతుల బీపీ కూడా చూడండి. నొప్పి ఒక్కసారిగా కోసినట్టు మొదలై వీపులోకి పోయిందా, ఒక చేతి నాడి అందడం లేదా? బృహద్ధమని లోపలి పొర చీలితే అచ్చం ఇలాగే వస్తారు. వాళ్లకి క్లాట్ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోతుంది.

ఐదో మెట్టు: ఒక్క ఈసీజీతో ఆగకండి

ఇలాంటి కేసు ఒకటి ఊహించుకోండి. 48 ఏళ్ల మనిషి, బీడీలు తాగుతాడు, రాత్రి 9:10కి పొట్ట పైన నొప్పి మొదలైంది, రెండు వాంతులు. 10:05కి మొదటి ఈసీజీ. లీడ్ 3లో టీ వేవ్ క్యూఆర్ఎస్ అంత ఉంది, ఎస్టీ అర మిల్లీమీటరు. ఏవీఎల్‌లో టీ తిరగబడింది. మెషీన్ 'నార్మల్' అంది. నొప్పి పదికి ఏడు. ఆ కాగితం ఫైల్లో పెట్టేస్తే అక్కడితో అయిపోయింది. వైర్లు తీయకుండా ఉంచి 10:20కి మళ్లీ తీస్తే లీడ్ 3లో ఎస్టీ 1 మి.మీ., ఏవీఎల్‌లో దిగుడు స్పష్టంగా ఉంది. 10:35కి లీడ్ 2, 3, ఏవీఎఫ్ మూడింట్లోనూ 2 మి.మీ. దాటింది. ఇప్పుడు ఎవరైనా గుర్తుపడతారు. ఆ మొదటి కాగితం చదవగలిగినవాళ్లకి మాత్రం అరగంట కలిసొస్తుంది.

అందుకే నొప్పి ఉన్నంతసేపు 15 నిమిషాలకొకటి చొప్పున మొదటి గంటలో ఈసీజీలు తీస్తూనే ఉండండి. ఎలక్ట్రోడ్లు అంటించే ఉంచండి, లేకపోతే ప్రతిసారీ చోటు మారి తేడా ఎక్కడిదో తెలియదు. ప్రతి కాగితం మీద టైము, నొప్పి ఎంత ఉందో రాయండి. అన్నీ వరసగా బల్ల మీద పరిచి చూడండి, ఒక్కో లీడ్‌నీ అదే లీడ్‌తో పోల్చండి. ఇంటివాళ్లని పాత ఈసీజీ ఉందా అని అడగండి. ఆపరేషన్‌కో, ఇన్సూరెన్స్‌కో ఎప్పుడో తీయించినది బీరువాలో ఉంటుంది. ఫొటో తీసి పంపమనండి. ఈసీజీ కాగితం ఎండకీ కాలానికీ వెలిసిపోతుంది, ఆ ఫొటో మీ ఫోన్లోనూ దాచుకోండి.

ఎకో మెషీన్ ఉండి, చూడడం వచ్చినవాళ్లుంటే ఒకసారి పెట్టండి. ఒక గోడ మాత్రమే కదలకుండా ఉంటే బలమైన ఆధారం దొరికినట్టే.

ఆరో మెట్టు: ట్రోపోనిన్ గురించి క్లుప్తంగా

కండరం చచ్చిపోయాకే ట్రోపోనిన్ రక్తంలోకి వస్తుంది. మామూలు కిట్లలో అది కనిపించడానికి మూడు నుంచి ఆరు గంటలు పట్టొచ్చు. నొప్పి మొదలై గంట అయిన మనిషికి కార్డు మీద రెండో గీత రాలేదని సంతోషించడానికేమీ లేదు. నాళం మూసుకుపోయిందని ఈసీజీ, మనిషి వాలకం చెప్తుంటే రిపోర్టు కోసం ఆగకండి. ఏమీ తేలనప్పుడు మాత్రం మూడు గంటల తర్వాత మళ్లీ చేయించాలి. కిట్ పాతదైతే ఆరు గంటలు.

ఏడో మెట్టు: ఆగని నొప్పి

ఈసీజీ ఎలా ఉన్నా సరే, మందులు ఇచ్చాక కూడా నొప్పి ఆగకపోయినా, బీపీ పడిపోతున్నా, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నా, గుండె ప్రమాదకరంగా లయ తప్పుతున్నా రెండు గంటల లోపు యాంజియోగ్రామ్‌కి పంపాలని గైడ్‌లైన్లే చెప్తున్నాయి. ఎస్టీ లేవాలన్న షరతు అక్కడ లేదు. ఫోన్లో అవతలి డాక్టరు 'ఎన్‌స్టెమీయే కదా, పొద్దున పంపండి' అన్నప్పుడు మర్యాదగా ఈ మాట గుర్తు చేయండి.

మార్ఫిన్, ట్రమడాల్ విషయంలో జాగ్రత్త. ఏం చేయాలో తేల్చుకోకముందే అవి ఇస్తే నొప్పి పోతుంది, నాళం మాత్రం మూసుకునే ఉంటుంది. అందరూ కుదుటపడ్డాడనుకుని పడుకుంటారు. ఎక్కడికి పంపాలో ఖాయమయ్యాక, అప్పటికీ బాధ తట్టుకోలేకపోతే అప్పుడివ్వండి.

ఎనిమిదో మెట్టు: నిర్ణయం తీసుకున్నాక

ఆస్పిరిన్ 300 నుంచి 325 మి.గ్రా. నమిలించండి, మింగిస్తే ఆలస్యం. మానిటర్ పెట్టండి, డీఫిబ్రిలేటర్ మంచం పక్కకి తెప్పించండి. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కన్నా తక్కువైతేనే ఆక్సిజన్ పెట్టండి. బీపీ పైఅంకె 90 కన్నా తక్కువగా ఉన్నా, కుడి జఠరిక అనుమానం ఉన్నా, అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వేసుకుని ఒక రోజు కాకపోయినా సార్బిట్రేట్ వద్దు. ఆ మాత్ర గురించి భార్యాపిల్లల ముందు అడిగితే ఎవరూ ఒప్పుకోరు. వాళ్లని బయటికి పంపి అడగండి. టాడలాఫిల్ అయితే రెండు రోజులు లెక్క.

రోగిని కలిసిన 120 నిమిషాల్లో నాళం తెరిచే చోటికి చేర్చగలిగితే యాంజియోప్లాస్టీకే పంపండి. మీ ఊరి నుంచి దూరం, అంబులెన్స్ వచ్చే టైము, అక్కడ టీమ్ లేచే టైము మూడూ నిజాయతీగా కలపండి. దాటుతుందనిపిస్తే, నొప్పి మొదలై 12 గంటలు దాటకపోతే, ఎస్టీ లేచినవాళ్లకి క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇవ్వాలి. వెనక గోడ గుండెపోటు తేలినవాళ్లకీ ఇదే. స్టెమీ కార్యక్రమం కింద మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాచోట్ల టెనెక్టెప్లేస్ అనే ఆ ఇంజెక్షన్ ఇప్పుడు దొరుకుతోంది. బరువుని బట్టి డోసు: 60 కిలోల లోపు 30 మి.గ్రా., 60 నుంచి 35, ఆపైన ప్రతి 10 కిలోలకీ 5 పెంచుకుంటూ 90 కిలోలు, అంతకు మించితే 50 మి.గ్రా. 75 ఏళ్లు దాటినవాళ్లకి అందులో సగం. దాంతో పాటు క్లోపిడోగ్రెల్ 300 మి.గ్రా., వయసు 75 దాటితే 75 మి.గ్రా. మాత్రమే. మెదడులో ఎప్పుడైనా రక్తస్రావం జరిగిందా, ఈమధ్య పక్షవాతం వచ్చిందా, తలకి దెబ్బ తగిలిందా, ఎక్కడైనా రక్తం పోతోందా అని గోడ మీద అంటించిన చెక్‌లిస్టు పట్టుకుని ఒక్కొక్కటే అడగండి, జ్ఞాపకం మీద ఆధారపడకండి.

డి వింటర్, తొలి దశ టీ వేవ్‌లు, ఆగని నొప్పి ఒక్కటే ఉన్న కేసుల్లో ఆ ఇంజెక్షన్ నిర్ణయం ఒంటరిగా తీసుకోకండి. వాటికి సరైన చోటు క్యాథ్‌ల్యాబ్. వెంటనే కార్డియాలజిస్టుతో మాట్లాడి, ఆయన చెప్పిన మాట టైముతో సహా కేస్‌షీట్‌లో రాయండి.

ఫోన్లో ఎలా చెప్తారన్నది చాలా తేడా తెస్తుంది. 'సార్, చెస్ట్ పెయిన్ కేసు, ఈసీజీ వాట్సాప్ చేశాను' అంటే ఆయన తీరిగ్గా చూస్తారు. ఇలా చెప్పండి: 'సార్, 48 ఏళ్లు, గంట నుంచి ఆగని నొప్పి, చెమటలు. కింది గోడ నాళం మూసుకుపోయిందని అనుకుంటున్నాను. ఏవీఎల్‌లో దిగుడు ఉంది, 15 నిమిషాల తేడాతో తీసిన రెండింట్లో పెరుగుతోంది. బీపీ 110కి 70. పంపమంటారా, ఇక్కడ లైసిస్ (క్లాట్ కరిగించడం) చేయమంటారా?' ఫొటో పంపేటప్పుడు కాగితాన్ని చదునుగా పరిచి, నీడ పడకుండా, 12 లీడ్లూ వచ్చేలా తీయండి. చేతిలో వంచి పట్టుకుని తీసిన ఫొటోలో అర మిల్లీమీటరు ఎవరికీ కనిపించదు.

ఇంటివాళ్లకి ఒకే మాట సూటిగా చెప్పండి: 'గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోయింది. ఎంత తొందరగా తెరిస్తే అంత గుండె మిగులుతుంది.' యాంజియోగ్రామ్ అనగానే ఖర్చు భయంతో పెదనాన్న రావాలి, బావగారితో మాట్లాడాలి అని మొదలవుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద స్టెంట్ చికిత్స ఉందని అదే ఊపిరిలో చెప్పేయండి, ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. కార్డు ఇంట్లో ఉంటే ఒకరు వెళ్లి తెస్తారు, అంబులెన్స్ ఆగక్కర్లేదు.

ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లకి 60 నుంచి 90 నిమిషాల మధ్య మళ్లీ ఈసీజీ. లేచిన ఎస్టీ సగానికి తగ్గకపోతే, నొప్పి పోకపోతే నాళం తెరుచుకోలేదని అర్థం. వెంటనే యాంజియోప్లాస్టీకి కదిలించాలి. తగ్గినా సరే 2 నుంచి 24 గంటల్లో యాంజియోగ్రామ్ ఉండాలి. కాబట్టి ఇంజెక్షన్ అయిన వెంటనే రిఫర్ చేయండి, ఫలితం కోసం మీ దగ్గర ఉంచుకోకండి.

మర్నాడు అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి ఏ నాళం, ఎంత మూసుకుంది, ఎకోలో ఏ గోడ కదలడం లేదు, ట్రోపోనిన్ ఎంత దాకా పోయింది అని అడిగి, మీ ఫోన్లోని ఈసీజీ ఫొటో పక్కన రాసి పెట్టుకోండి. యాంజియోగ్రామ్ చేసేసరికి నాళం తెరుచుకుని కనిపించిందని చెప్పినా మీ అంచనా తప్పని అనుకోవద్దు. క్లాట్ మధ్యలో తనంతట తాను కరిగిపోవడం మామూలే. ట్రోపోనిన్ బాగా పెరిగి, ఒక గోడ దెబ్బతిని ఉంటే మీరు చూసినప్పుడు ఆ నాళం మూసుకునే ఉందన్నమాట.